కబురు చేస్తామన్నారు

మా అమ్మని పనిలోనించి ఎవరూ తీసెయ్యలేదు. మా నాయన్ని కూడా తీసెయ్యలేదు. 1995 ఎండాకాలంలో ఒకనాటి సాయంత్రం రొయ్యల గుంటల కట్ట మీద నిలబడి మేస్త్రీ ఒక్క మాట అన్నాడు. "రేపట్నించి రావాకండి. పని మొదలైతే కబురు చేస్తాం." కట్ట మీద నలభై మందిదాకా ఉన్నారు. ఎవరూ ఎదురు మాట్లాడలేదు. తలగుడ్డలు దులుపుకుని, గంపలు చంకన పెట్టుకుని పల్లెకొచ్చేశారు. ఆ కబురు ఈనాటిదాకా రాలేదు.

పనిలోనించి తియ్యడానికి ఈ దేశంలో ఒక పద్ధతి ఉందని నాకు డిగ్రీ చదివేటప్పుడు తెలిసింది. 2025 దాకా అది 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం. అందులో 1953లో ఒక అధ్యాయం చేర్చారు. పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేసినవాణ్ణి నిరంతరంగా పనిలో ఉన్నవాడిగా లెక్కగట్టాలి. అట్టాంటివాణ్ణి తియ్యాలంటే నెల ముందు నోటీసియ్యాలి, లేదంటే ఆ నెల జీతమియ్యాలి. చేసిన ఒక్కో ఏడాదికి పదిహేను రోజుల సగటు జీతం పరిహారమియ్యాలి. కొన్నాళ్లు పనాపితే లే-ఆఫ్ అంటారు, పూర్తిగా తీసేస్తే రిట్రెంచ్‌మెంట్ అంటారు. రెండిటికీ పేర్లున్నాయి, లెక్కలున్నాయి. మావాళ్లకి జరిగినదానికి మాత్రం పేరు లేదు. పేరు లేని నష్టాన్ని ఏ ఆఫీసు మెట్లెక్కి అడగాలి?

"కబురు చేస్తాం" అన్న మాట వినడానికి మెత్తగా ఉంటది. పో అని అనడు, ఉండమనీ అనడు. పొమ్మంటే తిట్టుకుని ఇంకో దారి చూసుకుంటారు. కబురు చేస్తామంటే వాకిట్లో కూచుని రోడ్డు వైపు చూస్తారు. మా నాయన అట్టా ఎనిమిది నెలలు చూశాడు.

మా పల్లె కృష్ణపట్నానికి దగ్గర్లో, కండలేరు సముద్రంలో కలిసే క్రీకు పక్కన. ఒక పక్క ఉప్పుటేరు, ఇంకో పక్క బకింగ్‌హాం కాలవ. మాలపల్లె ఊరికి ఎడంగా ఇసక దిబ్బ మీద ఉంటది. మా తాత ఆ కాలవ గట్టున తాడు భుజానేసుకుని పడవలు లాగినోడు. ఉప్పు, కట్టెలు మద్రాసు పొయ్యేవి. ఆ కాలవ 1806లో మొదలైందని, 1878లో మద్రాసు గవర్నరు బకింగ్‌హాం పేరు దానికి పెట్టారని పుస్తకాల్లో ఉంది. ధాత కరువులో ఆకలికి చస్తున్న జనం చేత మద్రాసు నగరంలో ఒక ముక్క తవ్వించారనీ ఉంది. గవర్నరు పేరు కాలవకి నిలిచింది. తవ్వినోళ్ల పేర్లు నాకు ఎక్కడా కనపళ్లేదు. 1965, 1966 గాలివానలకి కాలవ దెబ్బతినింది, పూడిపోయింది. సరుకు అప్పటికే లారీలకీ రైళ్లకీ మళ్లింది. పూడిక తీస్తే మళ్లా పిలుస్తామన్నారని మా తాత చెప్పేవాడు. ఆయన భుజం మీద తాడు ఒరిపిడికి కాయ కాసిన చోటు నేను చిన్నప్పుడు తడిమి చూశాను. మా ఇంట్లో పని పోవడం మా నాయనతో మొదలు కాలేదు.

1990 దాటినాక మా తీరమంతా రొయ్య పిచ్చి పట్టింది. వరి కయ్యలు, ఉప్పు కొఠార్ల పక్క బీళ్లు, పోరంబోకులు అన్నీ గుంటలయ్యాయి. నెల్లూరు నించి, ఇంకా దూరాన్నించి కంపెనీలు వచ్చాయి. మా పల్లెలో కొందరికి సర్కారు ఇచ్చిన డి.కె.టి. పట్టాలుండేవి. ఆ భూముల్ని అమ్మకూడదు, కౌలుకి కూడా ఇయ్యకూడదు అని 1977 చట్టం. చట్టం ఏం చెప్పినా ఆసామి తెల్లకాయితం మీద వేలిముద్ర తీసుకుంటే భూమి చేతులు మారింది. వరి పండిస్తే రాని డబ్బు కౌలుకొచ్చింది. మావాళ్లకి ఆశ పుట్టిందని ఇప్పుడు ఎవరైనా అంటే నాకు కోపమొస్తది. ఆశపడే హక్కు రెడ్డికే ఉందా?

పని ఎట్టా వచ్చి ఎట్టా తగ్గిందో చెప్పాలి. గుంట తవ్వేటప్పుడు వందల మంది మన్ను మోశారు. తవ్వడం అయిపోయినాక కావలసింది కొద్దిమందే. మేత చల్లేవాళ్లు, రాత్రి కాపలా వాళ్లు, ఏరేటరు చూసేవాళ్లు. కాపలాకి ఎక్కువగా యానాదుల్నే పెట్టారు, గుంట గట్టునే గుడిసె వేయించి, కుటుంబంతో సహా. నాలుగైదు నెలలకి పట్టుబడి వస్తే ఒక్క రాత్రి అందరికీ పని. ఆడవాళ్లకి షెడ్లో తలకాయలు తియ్యడం, ఒలవడం. ఐసు నీళ్లలో చేతులు పెట్టీ పెట్టీ అమ్మ వేళ్ల సందులు పాసిపోయేవి. రాత్రిళ్లు పటిక నీళ్లలో ముంచుకుని కూచునేది. మాలాంటి పిల్లకాయలం తెల్లారుజామున ఉప్పుటేట్లో దిగి దోమతెర గుడ్డతో రొయ్యపిల్లల్ని పట్టేవాళ్లం, లెక్కన కొనుక్కునేవాళ్లు. నా బళ్లో లెక్కల పంతులు కంటే ముందు నాకు వందలు లెక్కపెట్టడం నేర్పింది ఆ రొయ్యపిల్లలే.

మా అమ్మ ఒలిచిన రొయ్య ఓడెక్కి జపాన్ పొయ్యేది. ఆ దేశపోడు దాన్ని నోట్లో పెట్టుకునేవాడు. ఇక్కడ ఆసామి ఇంటి కుండ మాత్రం మా అమ్మ ముట్టుకోకూడదు. దోసిలి పట్టాల్సిందే.

అంబేద్కర్ 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో రైల్వే అంటరాని కార్మికుల సభలో మాట్లాడాడు. కార్మికుడికి శత్రువులు ఇద్దరని, ఒకటి బ్రాహ్మణవాదం, రెండోది పెట్టుబడిదారీ విధానమని ఆయన చెప్పిన సంగతి అందరికీ తెలుసు. బొంబాయి మిల్లుల్లో నేత శాఖలోకి మనవాళ్లని రానియ్యకపోవడం గురించి కూడా ఆయన పోట్లాడాడు. తెగిన పోగుని నోటితో తడిపి అతకాల్సి వస్తది గనక మైలన్నారు. కూలి ఎక్కువొచ్చే శాఖ అది. నేను అది చదివినప్పుడు మా షెడ్డే కళ్లముందు మెదిలింది. టెక్నీషియను, సూపర్‌వైజరు, స్టోరు గుమాస్తా ఎవరూ మా పల్లెవాళ్లు కారు. వాళ్లకి మస్టరుండేది, నెల జీతముండేది. మాకు మేస్త్రీ ఉండేవాడు.

ఇక్కడ ఒక పుస్తకం గురించి చెప్పాలి. మా జిల్లాలో 1991 ప్రాంతంలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రి బడులు పెట్టారు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మూయించిన కథ ఆ రాత్రిబడుల్లోంచే పుట్టింది. రోశమ్మ పేరు దేశానికంతా తెలిసింది. మా అమ్మ పోరాటానికి పోలేదు, రాత్రిబడికి పోయింది. అంకెలు నేర్చుకునింది, సంతకం నేర్చుకునింది. నేర్చుకున్న అంకెలు మర్చిపోకుండా ఉండేదానికి నా పాత నోటుపుస్తకం వెనక పేజీల్లో పనికిపోయిన రోజుల్ని రాసేది. తారీకు, పక్కన కూలి. 15, 15, 18, పట్టుబడి రోజు 30. మేస్త్రీ కూలి ఎగ్గొడితే పోట్లాడేదానికి అని చెప్పేది. ఒకటి రెండుసార్లు పోట్లాడి వసూలు చేసింది కూడా.

1994 చివర్నించి తెగులు పడింది. రొయ్య మేత మానేసి గట్టు దగ్గరికొచ్చి తేలేది. పెంకు మీద తెల్ల మచ్చలు. రెండు మూడు రోజుల్లో గుంట గుంటంతా చచ్చేది. వైరస్ అని తర్వాత తెలిసింది. చచ్చిన గుంట నీళ్లని తూమెత్తి క్రీకులోకి వదిలేవాళ్లు. పక్కవాడు మోటారు పెట్టి ఆ క్రీకులోంచే తన గుంటకి నీళ్లు తోడుకునేవాడు. ఒకడి చావు ఇంకొకడికి అట్టా పారింది. 1995కి తూర్పు తీరం పొడుగూతా ఇదే సంగతి. ఆసామి నష్టం పేపర్లో వచ్చింది, బ్యాంకు అప్పుల మాట వచ్చింది. మాకు "కబురు చేస్తాం" వచ్చింది.

మొదటి నెల ఎవరికీ దిగుల్లేదు. గుంట ఎండబెట్టి, సున్నం చల్లి, మళ్లా పిల్లని పోస్తారు అనుకున్నారు. మా నాయన రోజూ పొద్దున మొహం కడుక్కుని, చొక్కా తొడుక్కుని కట్టదాకా పోయి వచ్చేవాడు. మేస్త్రీ కనపడితే బీడీ ఇచ్చేవాడు. వేరే పనికి పొమ్మంటే, "ఈలోగా కబురొస్తే? నా జాగాలో ఇంకోణ్ణి పెట్టుకోడా?" అనేవాడు. పని లేదు, కానీ పనిలోనే ఉన్నాడు. అప్పు పుట్టినంతకాలం ఆ ఆశ నిలబడింది. ఇంట్లో అమ్మ ముక్కుపుల్ల పోయింది, ఇత్తడి బిందె పోయింది. ఆ ఏడాది జనవరి 16 నించి రాష్ట్రంలో మద్యనిషేధం ఉంది కాబట్టి బతికిపోయాం. దాన్ని ఎగతాళి చేసే పెద్దమనుషుల్ని నేను చానామందిని చూశాను. 1995లో మా నాయన సాయంత్రాలు ఎట్టా ఉండేవో వాళ్లకి తెలీదు.

వరి పనికి పోదామంటే పక్క కయ్యలు ఉప్పుదేలి ఉన్నాయి. గుంటల్లోంచి ఊరిన ఉప్పునీరు నేలలోకి దిగింది. మేం తాగే దొరువు నీళ్లు కూడా ఉప్పన. ఇసకలో నాలుగడుగులు తవ్వితే తియ్యటి నీళ్లిచ్చిన దొరువులవి, మా ముత్తాతల కాలంనించి. కౌలు డబ్బు ఆగిపోయింది. పట్టా మా చేతుల్లోనే ఉంది, దాని మీదున్న భూమి మాత్రం ఎందుకూ పనికిరాలేదు.

సంక్రాంతి పోయినాక ఒకరోజు అమ్మ నాయన్ని నిలదీసింది. ఆమె అన్న మాట నాకు బాగా గుర్తు. "కబురు వాళ్లు చేసేది కాదు. మనమే చెయ్యాల, మేం రామని." ఆ వారంలోనే నాయన మద్రాసుకి పోయాడు, కట్టడం పనికి. అమ్మ ఎగువ మాగాణి ఊళ్లకి నాట్లకి పోయింది, తెల్లారి మూడింటికి లేచి, నడిచి. 1996 జూన్‌లో నన్ను సాంఘిక సంక్షేమ హాస్టల్లో చేర్పించారు. ఉప్పుటేట్లో రొయ్యపిల్లలకి దిగే ఇంకో ముగ్గుర్ని కూడా అమ్మే వాళ్ల తల్లులతో కొట్లాడి నాతోపాటు చేర్పించింది. పనిపోయిన ఇంట్లో ధైర్యం ఎట్టా నిలుస్తదని నన్ను ఎవరన్నా అడిగితే, నాకు ఆ మూడు గంటల చీకటి, అమ్మ టిఫిను డబ్బా మూత చప్పుడు గుర్తుకొస్తాయి. ఆమెకి ధైర్యముండి లేచిందో, లేచింది కాబట్టి ధైర్యమొచ్చిందో నేను చెప్పలేను.

అప్పుడు ఢిల్లీ నించి ఒక కబురొచ్చింది.

1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. జస్టిస్ కుల్‌దీప్ సింగ్, జస్టిస్ సఘీర్ అహ్మద్ ధర్మాసనం. తమిళనాడు సర్వోదయ నాయకుడు జగన్నాథన్ వేసిన కేసు. 1991 ఫిబ్రవరి 19 నాటి తీరప్రాంత నియంత్రణ ఉత్తర్వు కిందికి వచ్చే జాగాలో, అంటే పోటు గీత నించి 500 మీటర్ల లోపల, రొయ్యల పరిశ్రమ ఉండకూడదు. పులికాట్, చిలక సరస్సులకి 1000 మీటర్ల లోపలా ఉండకూడదు. సంప్రదాయ పద్ధతి గుంటలు తప్ప మిగతావన్నీ 1997 మార్చి 31 లోపల పగలగొట్టాలి. సాగుభూముల్ని, ఉప్పు కొఠార్లని, ఊరుమ్మడి భూముల్ని గుంటలుగా మార్చకూడదు. పాడుచేసినవాడే నష్టం కట్టాలి.

ఆ తీర్పులో కూలివాళ్ల గురించి కూడా ఉంది. మూతపడే గుంటల్లో కనీసం ఏడాది నిరంతరంగా పనిచేసినవాళ్లని 1997 ఏప్రిల్ 30 నించి రిట్రెంచ్ అయినవాళ్లుగా భావించాలి. చట్టప్రకారం పరిహారం, దానిమీద అదనంగా ఆరేళ్ల జీతం. మే 31 లోపల ఇయ్యాలి. గ్రాట్యుటీ వేరే.

ఆరేళ్ల జీతం! ఆ మాట మాలపల్లెలో పడ్డ రోజు నేను సెలవులకి ఇంటికొచ్చి ఉన్నాను. ముసిలోళ్లు కూడా లెక్కలేశారు. అమ్మ అటక మీంచి నోటుపుస్తకం దించింది. నా చేత కూడించింది. ఒక ఏడాదిలో 261 రోజులు తేలాయి. నేను మూడుసార్లు కూడాను, మూడుసార్లూ అంతే.

పుస్తకం సంచిలో పెట్టుకుని అమ్మ, ఇంకో నలుగురు ఆడవాళ్లు నెల్లూరు పోయారు. ఒక లాయరు ఓపిగ్గా చూశాడు. "రోజులు బాగా రాశావమ్మా. పని ఇచ్చినవాడి పేరేది? మస్టరేది?" అన్నాడు. మేస్త్రీ పేరు రాయలేదు, కంపెనీ పేరు రాయలేదు. మేస్త్రీ ఎవరో పల్లెకంతా తెలుసుగదా, రాసేదేముంది అనుకునింది. పైగా మా గుంటలు తెగులికి 1995లోనే ఆగాయి. తీర్పు 1997లో పని పోయేవాళ్ల గురించి. మా పల్లెలో ఒక్కరి చేతికీ పైసా రాలేదు.

అదే సమయంలో ఇంకో వింత జరిగింది. ఇంకా నడిచే గుంటల ఆసాములు మా పల్లెకి లారీ తెచ్చారు. తీర్పుకి ఎదురుగా ఊరేగింపు, కూలోళ్ల పొట్ట కొట్టొద్దని. అన్నం పొట్లం ఇస్తామన్నారు. మద్రాసు నించి వచ్చి ఉన్న మా నాయన కూడా ఎక్కాడు. మస్టర్లో మమ్మల్ని లెక్కించనివాళ్లు లారీలో మాత్రం తలకాయలు లెక్కపెట్టి ఎక్కించుకున్నారు.

ఆ తీర్పుని నేను తప్పు పట్టను. దొరువు ఉప్పుదేలిన ఊళ్లో పుట్టినోణ్ణి. కేసేసిన జగన్నాథన్ పక్కన పోరాడిన ఆయన భార్య కృష్ణమ్మాళ్ భూమిలేని దళిత కుటుంబంలో పుట్టింది. 1968 డిసెంబర్ 25న కీళ్‌వెణ్మణిలో 44 మంది దళితుల్ని గుడిసెలో పెట్టి తగలబెట్టినాక ఆ తంజావూరు జిల్లాకి పోయి, భూమి కోసం అక్కడే నిలబడిన మనిషి. అదే తీరంలో గుంటలు దళితుల పొలాలు మింగుతుంటే అడ్డం పడింది. కాబట్టి పర్యావరణం పైకులాల ముచ్చట అని కొట్టెయ్యడానికి లేదు. నా తగువల్లా ఒకటే. న్యాయమూర్తులు కూలివాణ్ణి మర్చిపోలేదు, తలుచుకున్నారు. కానీ చట్టం కిటికీలోంచి చూస్తే మస్టర్లో ఉన్నోడే కూలివాడుగా కనపడతాడు. ఏడాది నిరంతరంగా చేశాడని రుజువు చెయ్యాల్సింది పని ఇచ్చినవాడి కాయితాలతో. ఆ కాయితం రాయకుండా ఉండడమే ఆయన వ్యాపారం.

గుంటలు కూడా పగల్లేదు. 1997 మార్చిలో సమీక్ష పిటిషన్ల మీద తీర్పు అమలు ఆగింది. 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి, 1991 ఉత్తర్వు రొయ్యల సాగుకి వర్తించదని వెనక తేదీ నించి రాసేసింది. 2009లో వనామి రొయ్యకి అనుమతిచ్చారు. గుంటలు మళ్లా నిండాయి. వెనక తేదీ నించి రాయడమనేది సాధ్యమేనని నాకు అప్పుడు తెలిసింది. మా అమ్మ 261 రోజులకి మాత్రం ఎవరూ అట్టా రాయలేదు.

నా సంగతి ఒకటి చెప్తాను, కొంచెం సిగ్గుగానే ఉంది. బి.ఇడి. అయినాక నెల్లూరులో ఒక ప్రైవేటు స్కూల్లో చేరాను. ఏప్రిల్ ఆఖర్న కరెస్పాండెంటు పిలిచి, "సెలవులకి జీతముండదు, జూన్‌లో ఫోన్ చేస్తాం" అన్నాడు. నేను చట్టం చదివినోణ్ణి. అంబేద్కర్ని చదివినోణ్ణి. అయినా జూన్ పదిహేనుదాకా ఫోను చేతిలో పట్టుకుని కూచున్నాను, మా నాయన చొక్కా తొడుక్కుని కట్టకి పోయినట్టే. అమ్మ ఏమీ అనలేదు. నోటుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టి పొయ్యి దగ్గరికి పోయింది. ఆ సాయంత్రమే డి.ఎస్సీ. పుస్తకాలు తీశాను. 2012 డి.ఎస్సీ.లో ఉద్యోగమొచ్చింది.

2025 ఆగస్టు 27 నించి అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. మన రొయ్యకి పెద్ద గిరాకీ అమెరికానే. పై నెలలో మా ఎనిమిదో తరగతిలో ఒక పిల్ల వారం రోజులు బడికి రాలేదు. ఇంటికి పోయాను. వాళ్లమ్మ ప్లాంటులో రొయ్యలు ఒలుస్తది. తమ్ముణ్ణి పిల్లకి అప్పజెప్పి కూలికి వెతుక్కుంటూ పోతున్నదంట.

"పని తీసేశారా అమ్మా?" అన్నాను.

"తియ్యలేదు సార్. వ్యాన్ రావడం మానుకునింది. ఆర్డర్లొస్తే ఫోన్ చేస్తామన్నారు."

తమ్ముణ్ణి అంగన్‌వాడీలో దింపి పిల్లని బడికి రమ్మన్నాను. ఆ పిల్లకి ఒక పొడుగు నోటుపుస్తకం ఇచ్చి, వాళ్లమ్మ ఏప్రిల్ నించి పోయిన రోజులన్నీ అడిగి రాయమన్నాను. వ్యాను వచ్చిన రోజులు, రాని రోజులు, కూలి. రెండు వారాల్లో నాలుగు పేజీలు నింపింది. పక్కింటి ఇద్దరి రోజులు కూడా నింపింది, నేను అడక్కుండానే.

ఒక ఆదివారం పుస్తకం పట్టుకుని మా ఇంటికొచ్చింది. అమ్మ అరుగు మీద కూచుని ఉంది. ఇప్పుడామెకి చూపు సరిగా లేదు. పుస్తకం కళ్ల దగ్గరికి పెట్టుకుని, వేలితో గీతలంట జరుపుకుంటూ, ఒక్కో పేజీ చూసింది. చానాసేపు చూసింది.

"తారీకులు బాగున్నాయి. వ్యాన్ తోలేవాడి పేరేది మే? మేస్త్రీ పేరేది? ప్లాంటు పేరు ఏ పక్కన రాశావు?"

"అది అందరికీ తెలుసుగదా అవ్వా."

"తెలుసులే. రాయి."

ఆ పిల్ల అరుగు మీదే బోర్లా పడుకుని, మొదటి పేజీ నించి రాయడం మొదలుపెట్టింది.